పుకారు ఎక్కిన మెదడుకు నిజం ఎక్కించడం ఎట్లా: ఇంటి గ్రూపుల కోసం మెట్టు మెట్టుగా

"అన్నా, మా గ్రూపులో ఇట్లాంటిది వచ్చింది, ఏం రిప్లై పెట్టాలి?" అని స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లు ఎక్కువైపోయారు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చి మొత్తం ఒకచోట పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, విలేకరిని కాదు. కర్నూల్లో ఉంటా, నాలుగు కుటుంబ గ్రూపులు, ఒక అపార్ట్‌మెంట్ గ్రూపు, ఒక టెన్త్ బ్యాచ్ గ్రూపు భరిస్తున్నా. నిజం లింకు పెట్టినా జనానికి ఎందుకు ఎక్కడం లేదని కోపమొచ్చి, మెదడు మీదా జ్ఞాపకం మీదా జరిగిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టా. అందులో పనికొచ్చినవి మాత్రమే ఇక్కడ రాస్తున్నా.

ఒక్క మాట ముందే. ఈ మెట్లు వరసగా చెయ్యాలి. చాలామంది నేరుగా ఆరో మెట్టు దగ్గరికి దూకి, గ్రూపులో గొడవ పెట్టుకుని, "లెఫ్ట్" అయిపోయి, నాకు మెసేజ్ పెడతారు.

## 1. ముందు ఈ నాలుగు సంగతులు తెలుసుకోండి

వీటి మీదే మిగతాదంతా నడుస్తుంది, కాబట్టి దాటెయ్యొద్దు.

పదేపదే విన్నది నిజమనిపిస్తుంది. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే పరిశోధకులు కాలేజీ పిల్లలకు రెండేసి వారాల తేడాతో మూడుసార్లు కొన్ని వాక్యాలు వినిపించారు. మళ్లీ మళ్లీ వచ్చిన వాక్యాలు నిజమైనా అబద్ధమైనా సరే, వాటి మీద నమ్మకం పెరుగుతూ పోయింది. తెలిసిన మాట మెదడుకు సులువుగా దిగుతుంది, ఆ సులువునే మెదడు నిజం అనుకుంటుంది. "చదువుకున్నవాళ్లం, మాకేం కాదు" అనుకోవద్దు. 2015లో లీసా ఫేజియో బృందం "స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే పొట్టి లంగాను చీర అంటారు" లాంటి వాక్యాలతో పరీక్ష పెట్టింది. సరైన జవాబు తెలిసినవాళ్లు కూడా రెండోసారి చూసేసరికి ఆ మాట వైపు కొంచెం మొగ్గారు. చీర అంటే ఏందో తెలియనోళ్లు మన దగ్గర ఎవరూ ఉండరు గానీ, మనకూ మన "చీరలు" వేరే ఉంటాయి.

అబద్ధాన్ని పీకేస్తే అక్కడ గుంత మిగులుతుంది. 1994లో జాన్సన్, సైఫర్ట్ చేసిన ప్రయోగం ఇది. ఒక గోదాములో నిప్పు అంటుకుంది, లోపలి గదిలో పెయింటు డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని జనానికి చెప్పారు. తర్వాత "పొరపాటు, ఆ గది ఖాళీ" అని సరిచేశారు. అందరూ సరే అన్నారు. కానీ పొగ అంత నల్లగా ఎందుకొచ్చింది అని అడిగితే మళ్లీ పెయింటు డబ్బాల మాటే ఎత్తారు. ఎవరో కావాలని నిప్పు పెట్టిన ఆనవాళ్లు దొరికాయి అని వేరే కారణం చెప్పిన గుంపులో మాత్రం ఆ డబ్బాలు తగ్గాయి. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో ఇదే గుండెకాయ, ఏడో మెట్టులో మళ్లీ వస్తా.

నమ్మకం మనిషిలో భాగమైతే అది కదలదు. 2016లో కాప్లాన్ బృందం 40 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి వాళ్ల నమ్మకాలకు ఎదురు వాదనలు చూపించింది. బల్బు కనిపెట్టింది ఎడిసనేనా లాంటి విషయాల్లో జనం మనసు మార్చుకున్నారు, రాజకీయ నమ్మకాల్లో కదల్లేదు. ఎంతకీ మారని వాళ్లలో భయానికీ కడుపులో తిప్పినట్టుండే భావాలకూ సంబంధించిన భాగాలు, అంటే అమిగ్డలా, ఇన్సులా, ఎక్కువగా పనిచేశాయి. మామతో పార్టీ గురించి వాదన పెట్టుకుంటే ఆయన మీ లెక్కలు వినడు, తనమీదికి వస్తున్నారనుకుంటాడు.

పంపేటప్పుడు మనం నిజమా కాదా అని అసలు ఆలోచించం. పెనీకుక్, రాండ్ బృందం 2021లో చూపించింది ఇదే. అడిగితే చాలామంది అబద్ధాన్ని పట్టుకోగలరు. కానీ షేర్ చేసే క్షణంలో బుద్ధి ఇంకెక్కడో ఉంటుంది, నవ్వొచ్చిందా, కోపమొచ్చిందా, మనోళ్లకు నచ్చుతుందా అన్న దాని మీద. ఒక్క వార్తను చూపించి "ఇది నిజమంటావా?" అని అడిగితే చాలు, ఆ తర్వాత షేర్ చేసేవాటి నాణ్యత కొంచెం పెరిగింది. కొంచెమే, మంత్రం కాదు.

## 2. సామాను సర్దుకోండి

వంట మొదలయ్యాక ఉప్పు వెతుక్కోకూడదు కదా, ఇదీ అంతే.

- ఫోన్‌లో గూగుల్ లెన్స్ (ఫొటో ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టేది) పనిచేస్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి
- తెలుగులో నిజనిర్ధారణ చేసేవాళ్ల పేజీలు (ఫ్యాక్ట్‌లీ లాంటివి) సేవ్ చేసుకోండి, కేంద్ర ప్రభుత్వ పథకాల మెసేజ్‌లకు ప్రభుత్వ సమాచార విభాగం నడిపే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది
- మీ జిల్లా కలెక్టరేట్, పోలీసుల అధికారిక ఖాతాలు ఫాలో అవ్వండి
- డబ్బు పోయే మోసం మెసేజ్ అయితే 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్), ఈ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి
- ప్రతి గ్రూపులో మీకు తోడుగా ఒక మనిషిని చూసిపెట్టుకోండి, వీలైతే మీకంటే పెద్దవాళ్లను

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొదటి నాలుగూ కలిపినా దానికి సాటి రావు. మీరు చెప్తే "వీడొక తెలివిమంతుడు" అంటారు, అదే మాట పెద్దనాన్న చెప్తే "అవును సుమా" అంటారు.

## 3. మొదట మీ వేలు ఆపండి

ఈ మెట్టు రాయడానికి నాకే సిగ్గు. 2024 ఆగస్టు 10 శనివారం రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆదివారం లేచి ఫోన్ చూస్తే "డ్యామ్ తెగింది, కర్నూలు మునుగుతుంది, 2009 కంటే పెద్దది" అని ఉంది. నేను ఇంకా మంచం దిగలేదు, ఆలోచించలేదు, కర్నూలు పాతబస్తీలో ఉండే మా మామకు పంపేశా. ఆయన 2009 అక్టోబరు 2న ఊళ్లోకి నీళ్లొచ్చినప్పుడు మిద్దె మీద కూర్చుని బతికినవాడు. అరగంట తర్వాత మా అత్త ఫోన్ చేసింది. "ఏం పంపించినావ్ నాయనా, మీ మామ పొలం కాగితాలు కవర్లో చుట్టుకోని, బియ్యం మూట మెట్లు ఎక్కిస్తాండాడు, వద్దంటే ఇనడు" అని. ఆయనకు 68 ఏళ్లు, గుండెకు స్టెంట్ ఉంది.

అప్పటి నుంచి నేను పాటించేది:

1. మెసేజ్ చదవగానే ఒంట్లో ఏదైనా మారిందా చూసుకోండి. గుండె వేగం, కోపం, "అందరికీ చెప్పాలి" అన్న తొందర. ఇది వచ్చిందంటే ఆగాల్సిన గుర్తు వచ్చినట్టే. భావోద్వేగం మీద ఆధారపడేకొద్దీ అబద్ధపు వార్తను నమ్మడం పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది.
2. ఫోన్ బోర్లా పెట్టండి. నీళ్లు తాగి రండి. నిజంగా ప్రాణం మీదికొచ్చే సంగతైతే పది నిమిషాల్లో ఇంకో నాలుగు చోట్ల కనిపిస్తుంది.
3. మీకు మీరే పైకి అడగండి: "ఇది నిజమని నాకెట్లా తెలుసు?" మనసులో కాదు, నోటితో.
4. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉందా చూడండి. కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అట్లాంటి మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు, అందుకే జనం ఇప్పుడు కాపీ చేసి అతికిస్తున్నారు. కాబట్టి బాణాలు లేవు అంటే మంచిదని అర్థం కాదు.

## 4. తరచి చూడండి, పది నిమిషాలు చాలు

మనం చేసే పెద్ద తప్పు ఆ మెసేజ్‌నే పదిసార్లు చదవడం. పదిసార్లు చదివితే ఏమవుతుందో మొదటి మెట్టులోనే చెప్పా, ఇంకా నిజమనిపిస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వైన్‌బర్గ్, మెక్‌గ్రూ అనే ఇద్దరు పరిశోధకులు, చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లనూ, కాలేజీ విద్యార్థులనూ, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లనూ కూర్చోబెట్టి వెబ్‌సైట్లు చూపించారు. మూడో రకం వాళ్లే గెలిచారు. వాళ్లు చేసిందల్లా ఆ పేజీలో ఎక్కువసేపు ఉండకుండా బయటికొచ్చి, దాని గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో పక్క ట్యాబుల్లో వెతకడం.

ఫొటో అయితే: లెన్స్‌లో పెట్టి పాత తేదీ ఏమైనా వస్తుందా చూడండి. మన దగ్గర ప్రతి తొలకరికీ ఒకటి తిరుగుతుంది. వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం వజ్రాల కోసం దిగుతారు, అప్పుడప్పుడు దొరుకుతాయి, ఇదంతా నిజమే. ఈ నిజం పక్కన ఎక్కడిదో ధగధగలాడే రాయి ఫొటో అతికించి "నిన్న కూలామెకు దొరికింది, రెండు కోట్లు" అంటారు. చేలో దొరికే వజ్రం సాన పట్టంది, మసక గాజుపెంకులా ఉంటుంది. నగల అంగడిలో మాదిరి ముఖాలు తీరి మెరుస్తోందంటే ఆ ఫొటో చేనుది కాదు. ఫొటో ఏమీ రుజువు చెయ్యకపోయినా సరే, పక్కన ఉంటేనే మాట నిజమనిపిస్తుందని 2012లో న్యూమన్ బృందం చూపించింది. అందుకే ఫొటోను చేత్తో మూసి రాత మాత్రం చదివి చూడండి, సగం బలం పోతుంది.

వీడియో అయితే: మొదట్లో, మధ్యలో, చివర స్క్రీన్‌షాట్ తీసి ఒక్కోటి లెన్స్‌లో వెయ్యండి. ముఖ్యంగా చివర ఏం కోసేశారో అనుమానించండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లంటూ దేశమంతా తిరిగిన ఒక వీడియో అసలు కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన అవగాహన చిత్రం. అందులో చివర పిల్లాణ్ణి తిరిగి దింపి బోర్డు చూపిస్తారు. ఆ ముక్క కత్తిరించి పంపారు, దాన్ని నమ్మి మనుషుల్ని కొట్టి చంపారు.

ఆడియో అయితే: పేరు, ఊరు, హోదా చెప్పకుండా "మా బావ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు" అంటే అక్కడికే పక్కన పెట్టండి.

పథకం, ఉద్యోగం, రీచార్జ్ లింకు అయితే: నొక్కొద్దు. పథకం పేరు విడిగా వెతకండి. అంతే.

## 5. జవాబు పెట్టాలా వద్దా తేల్చుకోండి

ప్రతి చెత్తకూ బదులివ్వొద్దు. మీరు ఖండించడం వల్లే కొందరికి ఆ పుకారు మొదటిసారి తెలుస్తుంది.

- ప్రాణం, ఆరోగ్యం, డబ్బు, ఒక కులం మీదో మతం మీదో కోపం: వెంటనే
- గ్రూపులో అందరూ చూసేసి, చర్చ మొదలైతే: గ్రూపులోనే
- ఒక్కరే పంపారు, ఎవరూ పట్టించుకోలేదు: ఆ ఒక్కరికి విడిగా ఫోన్
- యముడు ఏ దిక్కున తల పెట్టి పడుకుంటాడు లాంటివి: వదిలెయ్యండి, మీ బీపీ ముఖ్యం

"సరిచేస్తే ఇంకా మొండికేస్తారట కదా" అని అడుగుతుంటారు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంతో ఆ మాట పాకింది. తర్వాత వుడ్, పోర్టర్ అనే ఇద్దరు 10,000 మందికి పైగా జనంతో, 52 విషయాల మీద వెతికితే ఆ ఎదురుదెబ్బ దాదాపు కనిపించలేదు. ఒప్పుకోరు, మొహం మాడ్చుకుంటారు, అది వేరే. లోపల ఎంతో కొంత దిగుతుంది. భయపడకుండా చెప్పండి.

## 6. దిద్దుబాటు మెసేజ్ రాసే వరస

2020లో ఈ రంగంలో పనిచేసే 22 మంది పరిశోధకులు కలిసి తేల్చిన వరస ఇది: నిజం, హెచ్చరిక, మోసం ఎట్లా జరిగిందో, మళ్లీ నిజం. అబద్ధాన్ని ఒక్కసారే, మధ్యలో, పొట్టిగా చెప్పాలి.

ఆ ఆదివారం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన పెట్టింది చూడండి: "డ్యామ్ తెగింది అనేది అబద్ధం!! డ్యామ్ తెగలేదు!! డ్యామ్ తెగిందని నమ్మకండి!!" ఉద్దేశం మంచిదే. కానీ రెండుసార్లు "డ్యామ్ తెగింది" అని కొట్టాడు, పైగా మరి ఏం జరిగిందో చెప్పలేదు. వెంటనే కింద "మరి నీళ్లు ఎందుకొస్తున్నాయి?" అని పది ప్రశ్నలు.

నేను మామను మిద్దె దింపాక రాసింది దాదాపు ఇట్లా ఉంది:

"తుంగభద్ర డ్యామ్‌కు 33 గేట్లు, అందులో 19వ గేటు ఒక్కటి రాత్రి కొట్టుకుపోయింది. కట్ట గట్టిగానే ఉంది. డ్యామ్ మొత్తం పోయిందని తిరుగుతున్న మెసేజ్ తప్పు. గేటు పోయిన మాట నిజం కాబట్టి దానికి 2009 భయం కలిపి పంపుతున్నారు. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్ల నుంచి కూడా నీళ్లు వదులుతున్నారు, అందుకే నదిలో నీళ్లు పెరుగుతాయి. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో నది ఒడ్డున ఉండేవాళ్లను అప్రమత్తం చేశారు, అక్కడ మనవాళ్లుంటే నదిలోకి దిగొద్దని చెప్పండి."

చివర ఒక పని ఇచ్చా గమనించండి. భయం పుట్టినవాళ్లకు చెయ్యడానికి ఏదో ఒకటి కావాలి, అది ఇవ్వకపోతే వాళ్లు ఫార్వార్డ్ చేస్తారు.

పంపేముందు చూసుకోవాల్సినవి:

- మొదటి వాక్యంలో నిజం ఉందా, "అబద్ధం" అన్న మాట ఉందా?
- పుకారును ఎన్నిసార్లు రాశారు? ఒకటి దాటితే కొట్టెయ్యండి
- "నిజమే కదా" అనిపించిన భాగాన్ని ఒప్పుకున్నారా?
- పుకారు పంపినవాళ్ల పేరు ఎత్తారా? ఎత్తొద్దు
- ఫోన్ స్క్రీన్ దాటిపోయిందా? సగం చెయ్యండి
- ఆ పుకారు స్క్రీన్‌షాట్ మళ్లీ అతికిస్తున్నారా? తప్పదంటే దాని మీద పెద్దగా "తప్పు" అని రాసి పెట్టండి

## 7. గుంత పూడ్చండి

మా చిన్నత్త ఆలూరు వైపు పల్లెలో ఉంటుంది. పోయినసారి వెళ్తే వసారాలో చాట ముందర పెట్టుకుని స్టోరు బియ్యం (రేషన్ బియ్యం) ఏరుతోంది. ఒక పక్కన చిన్న గిన్నెలో ఇరవై ముప్పై గింజలు. మిగతా బియ్యం కంటే కొంచెం పాలిపోయి, నున్నగా, అన్నీ ఒకే కొలతలో. "ప్లాస్టిక్ బియ్యం కలుపుతాండారు, ఫోన్లో సూపిచ్చినారు. నీళ్లలో ఏస్తే తేల్తాండాయి సూడు" అని గిన్నెలో నీళ్లు పోసి చూపించింది. కొన్ని తేలాయి.

ఇక్కడ "అదంతా ఫేక్ అత్తా" అంటే ఏమవుతుంది? ఆమె కండ్లారా చూస్తోంది, చేత్తో పట్టుకుంది. గింజ వేరేగా ఉన్న మాట నిజం. దానికి మీరు కారణం ఇవ్వకపోతే, ఉన్న ఒకే కారణం ప్లాస్టిక్.

కాబట్టి కారణం ఇచ్చా. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, ముద్ద చేసి, మిషన్‌లో గింజ ఆకారంలో ఒత్తి ఆరబెట్టినవి. వంద కిలోల బియ్యానికి ఒక కిలో లెక్కన కలిపారు. ఆమెకు నేను చెప్పింది ఇంత పొడుగు కాదు: "మురుకులు గొట్టంలో ఒత్తుతావు కదత్తా, అట్ల పిండిని బియ్యం గింజ మాదిరి ఒత్తినారు. రక్తం తక్కువున్నోళ్లకు మందు కలిపినారు." ఆమె గిన్నె వైపు చూసి, "అందుకేనా అన్నీ ఒకటే సైజుండాయి" అంది. అప్పుడు అర్థమైంది, దిగింది అని. ఆమె అప్పటిదాకా వివరించుకోలేకపోయిన ఒక చిన్న సంగతిని నా కారణం వివరించింది.

ఆ గింజలే పది తీసి పొయ్యి మీద ఉడికించాం. మెత్తబడ్డాయి, వేళ్లతో నలిపితే పిండయ్యాయి. అన్నం ముద్ద బంతిలా ఎగిరే వీడియో కూడా ఆమె దగ్గరుంది, దానికీ అదే పని: ఇంట్లో మామూలు సోనా మసూరి అన్నం గట్టిగా ముద్ద చేసి నేలకేసి కొట్టి చూపించా. అదీ ఎగిరింది, బంక ఉన్న ఏ అన్నమైనా ఎగురుతుంది.

(ఆ మందు అందరికీ కలపడం అవసరమా అన్నది వేరే చర్చ, న్యాయమైన చర్చ. దాన్ని ప్లాస్టిక్ మాటతో కలిపి కొట్టిపారెయ్యొద్దు. అట్లా చేస్తే మీరు అధికారుల తరఫు మనిషి అయిపోతారు.)

గుంత పూడ్చే కారణానికి మూడు లక్షణాలుండాలి. వాళ్లు కళ్లతో చూసిన వింతను అది వివరించాలి. పుకారు కంటే పొడుగుండకూడదు. వాళ్ల వంటింట్లోనో చేలోనో ఉన్న దానితో పోల్చగలగాలి.

## 8. పెద్దవాళ్లతో మాట్లాడే తీరు

గ్రూపులో వద్దు, ఫోన్‌లో లేదా ఎదురుగా. అమెరికాలో 2016 ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్ వాడకం చూస్తే 65 దాటినవాళ్లు చిన్నవాళ్ల కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా నకిలీ వార్తల లింకులు పంచారు. దీన్ని పట్టుకుని ముసలోళ్లకు బుద్ధి మందగించింది అనుకునేరు. వాళ్లకు లోకజ్ఞానం మనకంటే ఎక్కువ. వాళ్లు ఆన్‌లైన్‌కు కొత్త, పంపిన మనిషి మీద నమ్మకం ఎక్కువ, ఎక్కడ విన్నామో అన్న గుర్తు వయసుతో ముందు జారిపోతుంది.

ఇట్లా మొదలుపెట్టండి:

- "మామా, ఇది నీకెవరు పంపినారు?" (నిందగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు)
- "నీకేమనిపిస్తాంది, నిజమేనంటావా?" ఈ ఒక్క ప్రశ్నతో సగం పనవుతుంది, మొదటి మెట్టులోని నాలుగో సంగతి ఇక్కడే పనికొస్తుంది
- "నేను కూడా పోయినసారి ఇట్లనే నమ్మి పంపినా" (ఇది అబద్ధం కాకూడదు, నాకైతే డ్యామ్ ఉంది)
- "నువ్వే గ్రూపులో ఒక మాట చెప్తే అందరూ ఇంటారు"

"నీకేం తెలుసు", "వాట్సాప్ యూనివర్సిటీ", నవ్వే ఎమోజీ, ఈ మూడూ వద్దు. మనిషి తన పరువు కాపాడుకోవడానికి అబద్ధాన్ని కూడా కాపాడుకుంటాడు.

## 9. ముందే టీకా వెయ్యండి

విలియం మెక్‌గైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల మొదట్లోనే చెప్పాడు: రోగానికి టీకా వేసినట్టు, బలహీనమైన మోసపు వాదనను ముందే చూపించి దాన్ని ఎట్లా తిప్పికొట్టాలో నేర్పితే అసలు దాడి వచ్చినప్పుడు మనిషి తట్టుకుంటాడు. ఇందులో మెళకువ ఏందంటే, ఒక్కో పుకారుకూ కాదు, మోసగాడి పద్ధతికి టీకా వెయ్యాలి. పాత ఫొటోకు కొత్త తేదీ, పేరులేని అధికారి, "డిలీట్ చేసేలోపు చూడండి" అన్న తొందర, "వాళ్లు మనల్ని..." అని మొదలయ్యే కోపం.

దూరం పోనక్కరలేదు, తుంగభద్ర దాటితే గద్వాల. 2018లో అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పిల్లల దొంగల పుకార్లు గ్రామాల్లోకి వస్తున్నాయని ముందే పసిగట్టి, ఊరికొక కానిస్టేబుల్‌ను పెట్టి, జనంతో మాట్లాడించి, డప్పు కళాకారులతో పాటలు కట్టించి చెప్పించారు. మిగతా చోట్ల జరిగిన హత్యలు అక్కడ జరగలేదు.

ఇంట్లో చెయ్యాల్సింది:

1. కాలాన్ని బట్టి వచ్చే పుకార్లు రాసుకోండి. తొలకరికి వజ్రాలు, ఆగస్టు నుంచి డ్యామ్, పరీక్షలప్పుడు పేపర్ లీక్, ఎన్నికలప్పుడు అన్నీ.
2. పది రోజుల ముందు గ్రూపులో సరదాగా పెట్టండి: "ఇంక వానలొస్తాయి, మెరిసే రాయి ఫొటో ఎవరు ముందు పంపుతారో చూద్దాం." వచ్చినప్పుడు అందరూ నవ్వుతారు, నవ్వినవాడు ఫార్వార్డ్ చెయ్యడు.
3. పిల్లల చేత చేయించండి. లెన్స్‌లో ఫొటో వెతికే పోటీ పెడితే మా పిల్లలు భోజనం మరిచిపోయారు.

ఒక్కసారి చెప్పి వదిలెయ్యొద్దు. 2019 ఎన్నికల ముందు బీహార్‌లో సుమిత్ర బద్రీనాథన్ 1,224 మందితో చేసిన ప్రయోగంలో ఒక గంట పాఠానికి మొత్తం మీద ఫలితమే రాలేదు. తర్వాత అదే రాష్ట్రంలో లైబ్రరీల్లో బడిపిల్లలకు వారాల తరబడి క్లాసులు పెడితే పనిచేసింది, ఇంట్లో పెద్దలకూ కొంత పాకింది.

## 10. తప్పులూ వాటి రిపేర్లూ

పొడుగు లింకు పెట్టి ఊరుకోవడం. ఎవరూ తెరవరు. రెండు వాక్యాల్లో నిజం రాసి, కింద లింకు పెట్టండి.

ఇంగ్లీషు ఫ్యాక్ట్ చెక్ పంపడం. సులువుగా చదవగలిగినదే మెదడుకు నిజమనిపిస్తుంది. పుకారు చక్కటి తెలుగులో ఉండి నిజం కష్టమైన ఇంగ్లీషులో ఉంటే ఎవరు గెలుస్తారో మీరే చెప్పండి. ఇరవై సెకన్ల వాయిస్ పెట్టండి, అదీ మన యాసలో.

ఏడు కారణాలు చెప్పడం. బలమైనది ఒకటి చాలు. బలహీనమైన ఏడోదాన్ని పట్టుకుని మిగతా ఆరింటినీ కొట్టేస్తారు.

మనం చేసిన దిద్దుబాటే తప్పవడం. నాకు రెండుసార్లు జరిగింది. వెంటనే, అదే గ్రూపులో, "నేను చెప్పింది తప్పు, అసలు సంగతి ఇది" అని పెట్టండి. మెసేజ్ డిలీట్ చేసి మౌనంగా ఉంటే తర్వాత మీ మాటకు విలువుండదు.

గొడవ మొదలైపోయింది. ఆపండి. రెండు రోజుల తర్వాత, వేరే విషయం మీద ఫోన్ చేసి మాట్లాడుతూ మధ్యలో అడగండి.

## 11. మెదడు పేరుతో వచ్చే అబద్ధాలు

ఇది చదివాక మీకు "మెదడు శాస్త్రం" అన్న ప్రతిదీ నమ్మాలనిపిస్తుంది, అందుకే ఈ ముక్క. 2008లో వైస్‌బర్గ్ బృందం చూసింది: వివరణలో సంబంధం లేని మెదడు మాటలు రెండు ఇరికిస్తే చాలు, చెత్త వివరణ కూడా మామూలు జనానికి బాగుందనిపించింది. "మనం మెదడులో 10 శాతమే వాడతాం" అనే కోచింగ్ ప్రకటనలు మన ఊళ్లో గోడల మీదే ఉన్నాయి. మెదడు బరువు ఒంట్లో 2 శాతం, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు 20 శాతం దానికే పోతుంది. తొంభై శాతం ఖాళీగా పెట్టుకోవడానికి ఒళ్లు అంత ఖర్చు పెట్టదు. నేను పైన చెప్పిన స్కానర్ ప్రయోగం కూడా 40 మందితోనే, అది గుర్తుంచుకోండి. మీ మామ మెదడు ఫొటో ఎవరూ తియ్యలేదు.

## 12. మళ్లీ ఎప్పుడు చెప్పాలి

దిద్దుబాటు వారాలు గడిచేకొద్దీ పలచబడుతుంది, పెద్దవాళ్లలో ఇంకా తొందరగా. పుకారు మాత్రం తెలిసిన మొహంలా మిగిలిపోతుంది. అందుకే క్యాలెండర్‌లో పెట్టుకోండి:

- మరుసటి రోజు: నమ్మినవాళ్లకు ఒక ఫోన్, ఊరికే
- వారానికి: నిజాన్ని మాత్రమే మళ్లీ చెప్పండి, పుకారు ఎత్తకుండా
- మూడు వారాలకు: వాళ్లనే అడగండి, వాళ్ల నోటితో చెప్పించండి

మూడోవారం చిన్నత్తకు ఫోన్ చేసి, "స్టోరు బియ్యం తెచ్చుకున్నావా, ఆ గింజలు ఏందత్తా మళ్ల చెప్పు" అన్నా. "అదే, మందు మురుకులు" అంది. విటమిన్ పేర్లు ఒక్కటీ గుర్తులేవు. నేను సరిదిద్దలేదు.